50 పడకల ఆసుపత్రిని 100 చేస్తామంటున్నారు – అభివృద్ధి సంఘం సమావేశంలో ఏం అడగాలి?

#1 గుండ్లకమ్మ

అందరికీ నమస్కారం. పడమటి ప్రకాశంలో మా ఊరి ప్రభుత్వాసుపత్రిని 50 పడకల నుంచి 100కి పెంచే ప్రతిపాదన నడుస్తోంది. వచ్చే వారం ఆసుపత్రి అభివృద్ధి సంఘం సమావేశం ఉంది. ప్లానులో ఉన్నది ఇదీ: పాత భవనం మీదే ఇంకో అంతస్తు, అందులో రెండు వార్డులు, ఒక ఆపరేషన్ థియేటరు, 5 డయాలసిస్ పడకల గది. నీళ్లు, కరెంటు, సిబ్బంది మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు.

ఒంగోలు పెద్దాసుపత్రికి ఇక్కడి నుంచి రెండు గంటల దారి. ఈ పడకలు మాకు నిజంగా కావాలి. కానీ రిబ్బను కత్తిరించాక తాళం పడే అంతస్తు వద్దు. ఆసుపత్రుల నిర్వహణ తెలిసినవాళ్లు ఏ లెక్కలు చూపించమని అడగాలో చెప్పండి.

#2 పెన్నా_ఇంజినీరు

ముందు నీళ్ల లెక్క అడగండి. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం 100 పడకల వరకు ఉన్న ఆసుపత్రికి పడకకు రోజుకు 340 లీటర్లు, 100 దాటితే 450 లీటర్లు కావాలి. అంటే ఇప్పుడు రోజుకు 17,000 లీటర్లు వాడాల్సిన చోట రేపు 34,000 లీటర్లు. సిబ్బంది క్వార్టర్లు ఉంటే మనిషికి 135 లీటర్లు అదనం. డయాలసిస్ నీళ్లు ఇందులో కలపలేదు, అది వేరే లెక్క.

ఇప్పుడు ఆసుపత్రి చుట్టూ తిరిగి మూడు సంగతులు రాసుకోండి. బోరు గంటకు ఎన్ని లీటర్లు ఇస్తోంది? అదీ మే నెలలో. వానలు పడ్డాక వచ్చే నీళ్లు చూసి లెక్కేస్తే మోసపోతాం. సంపు పొడవు, వెడల్పు, లోతు మీటర్లలో కొలిచి గుణించి వెయ్యితో హెచ్చిస్తే లీటర్లు వస్తాయి. పైన ట్యాంకుల సామర్థ్యం ఎంత? కనీసం రెండు రోజుల నీళ్లు, అంటే 68,000 లీటర్లు నిల్వ ఉండాలి. మంటలార్పే నీళ్ల ట్యాంకు దీనికి అదనం, దాన్ని వాడుక నీళ్లతో కలపకూడదు.

ట్యాంకర్లతో నడిపిస్తామంటే ఒప్పుకోవద్దు. 5,000 లీటర్ల ట్యాంకర్లయితే రోజుకు ఏడు రావాలి. ఒక రోజు రెండు రాకపోతే మొదట నీళ్లు ఆగేది పై అంతస్తు మరుగుదొడ్లకే, ఆ వెంటనే కాన్పుల గదికి.

#3 కనిగిరి_రోడ్డు

పెన్నా గారూ, మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు, ఉప్పు రెండూ ఎక్కువ. అవే నీళ్లు ఆసుపత్రిలో వాడితే యంత్రాలకు ఏమవుతుంది?

#4 పెన్నా_ఇంజినీరు

ముందు దెబ్బ తినేది ఆటోక్లేవు, అంటే ఆపరేషన్ సామాను ఆవిరితో శుద్ధి చేసే యంత్రం. కఠిన జలం మరిగితే హీటర్ కాయిల్ చుట్టూ తెల్లటి సున్నపు పొర పేరుకుంటుంది. నీటికి వేడి అందక కాయిల్ లోపలే కాలిపోతుంది. గొట్టాల్లో పొర పేరుకుంటే ఆవిరి పీడనం చాలినంత రాదు. 121 డిగ్రీల దగ్గర చదరపు అంగుళానికి 15 పౌండ్ల పీడనం రావాలి. ముల్లు అక్కడికి రాకుండానే సైకిల్ ముగించి డ్రమ్ములు బయటికి తీస్తే లోపలి గుడ్డలు, కత్తెరలు శుద్ధి కానట్టే లెక్క. అందుకే ఆటోక్లేవుకు సాఫ్ట్‌నర్ (కాఠిన్యం తీసే పరికరం) నీళ్లో ఆర్వో (పొర గుండా వడకట్టి లవణాలు తీసే పద్ధతి) నీళ్లో ఇవ్వాలి. ఆ చిన్న లైను మొదటి అంచనాలోనే ఉండాలి.

రెండో దెబ్బ మరుగుదొడ్ల ఫ్లష్ వాల్వులకు, గీజర్లకు. గీజరు కాయిల్ కాలిపోవడం మన వైపు ప్రతి ఏటా చూసేదే. కాబట్టి కట్టేటప్పుడే రెండు పైపు లైన్లు వేయించండి. ఒకటి శుద్ధి చేసిన నీళ్లకు, రెండోది ఫ్లష్‌కు, తోటకు. గోడలు పూసేశాక రెండో లైను వేయాలంటే టైల్సు పగలగొట్టాలి.

#5 వార్డు_సిస్టర్

సిబ్బంది లెక్క నేను చెప్తాను. "వార్డుకు ముగ్గురు నర్సులు చాలు" అనే మాట సమావేశాల్లో తరచూ వినిపిస్తుంది. ముగ్గురు అంటే షిఫ్టుకు ముగ్గురా, మొత్తం ముగ్గురా అని అక్కడే ఆపి అడగాలి.

24 గంటలూ ఒక నర్సు ఉండాల్సిన ఒక్క స్థానం తీసుకోండి. ఏడాదికి 365 రోజులు, రోజుకు 3 షిఫ్టులు, మొత్తం 1,095 షిఫ్టులు. ఒక స్టాఫ్ నర్సుకు 52 వారాంతపు సెలవులు, 15 క్యాజువల్ లీవులు, 30 ఎర్న్‌డ్ లీవులు పోతే మిగిలేది 268 రోజులు. 1,095ను 268తో భాగిస్తే నాలుగు దాటుతుంది. పండగ సెలవులు, నైట్ డ్యూటీ తర్వాత ఇచ్చే ఆఫ్‌లు, శిక్షణలు, ఎవరో ఒకరు 180 రోజుల ప్రసూతి సెలవులో ఉండటం కలిపితే నాలుగున్నర మంది కావాలి.

30 పడకల వార్డుకు షిఫ్టుకు ముగ్గురు చొప్పున ఉంచాలన్నా 13 నుంచి 14 మంది. నవజాత శిశువుల యూనిట్‌లో మూడు నాలుగు పడకలకు ఒకరు ఉండాలి, పక్క వార్డు చూసుకునే పని వాళ్లకు పెట్టకూడదు. థియేటర్లో టేబులుకు ఇద్దరు. లేబర్ రూము, క్యాజువాలిటీ కలుపుకుంటే 100 పడకల ఆసుపత్రిలో షిఫ్టుకు 12 స్థానాలు అవుతాయి. అంటే 54 మంది. మీ ప్రతిపాదనలో స్టాఫ్ నర్సుల అంకె ఎంతో చూడండి. 54కి చాలా దూరంగా ఉంటే వాళ్లు మీకిస్తున్నది పడకలే, చూసే మనుషుల్ని కాదు.

ఎఫ్‌ఎన్‌ఓ, ఎంఎన్‌ఓల (నర్సులకు సాయపడే ఆడ, మగ సహాయకుల) లెక్క కూడా ఇలాగే వేయండి. స్ట్రెచర్ తోసే మనిషి లేకపోతే ఆ పని నర్సు మీదే పడుతుంది. ఆ పావుగంటలో ఆమె సెలైన్లు చూడలేదు.

#6 సింగరాయకొండ

సిస్టర్ గారి లెక్క సరైనదే. కానీ భవనం వస్తే పోస్టులు వాటంతటవే రావా? కాగితం మీద 100 పడకలు అయ్యాక నోటిఫికేషన్ ఇవ్వక తప్పదు కదా.

#7 వార్డు_సిస్టర్

రావు అన్నా. భవనం మంజూరు జీవో వేరు, పోస్టుల మంజూరు జీవో వేరు. రెండోదానికి ఆర్థిక శాఖ ఒప్పుకోవాలి. భవనానికి డబ్బు ఒక్కసారి ఇస్తారు, జీతం మాత్రం ప్రతి నెలా ఇవ్వాలి. అందుకే మొదటిది త్వరగా వస్తుంది, రెండోది ఏళ్ల తరబడి ఫైల్లో ఉంటుంది.

సమావేశంలో మూడు నిలువు వరుసల పట్టిక అడగండి. మంజూరైన పోస్టులు ఎన్ని, భర్తీ అయినవి ఎన్ని, ఈ నెల నిజంగా ఇక్కడ డ్యూటీ చేస్తున్నవాళ్లు ఎందరు. మూడో వరుస లేకుండా పట్టిక తీసుకోవద్దు. డిప్యుటేషన్ మీద వేరే చోట పనిచేస్తూ జీతం ఇక్కడ తీసుకునేవాళ్లు రెండో వరుసలో కనిపిస్తారు, మూడో వరుసలో కనిపించరు. ఖాళీ లేదని పైకి రాసే కాగితం రెండో వరుసతోనే తయారవుతుంది.

#8 మత్తుమందు_విభాగం

థియేటరు సంగతి. రెండో ఆపరేషన్ థియేటరు కట్టడం గొప్ప కాదు. మత్తు డాక్టరు ఒక్కరే ఉంటే రెండు థియేటర్లున్నా ఒక్కసారికి ఒక్క ఆపరేషనే. 24 గంటలూ సిజేరియన్ చేయగలగాలంటే ఏడాదికి 8,760 గంటలు మత్తు డాక్టరు పిలిస్తే వచ్చేలా ఉండాలి. వారానికి 48 గంటలు పనిచేసే ఒక మనిషి సెలవులు పోను 2,100, 2,200 గంటలు ఇవ్వగలరు. పూర్తి డ్యూటీ లెక్కన నలుగురు కావాలి. ఆన్‌కాల్ పద్ధతిలో నడపాలన్నా ఇద్దరికి తగ్గకూడదు. ఆ ఇద్దరూ ఆసుపత్రికి పది పదిహేను నిమిషాల దూరంలో ఉండాలి. పడమటి ఊళ్లలో స్పెషలిస్టులు నిలవకపోవడానికి పెద్ద కారణం క్వార్టర్లు లేకపోవడం, పిల్లల చదువు. ఒంగోలు నుంచి రోజూ వచ్చిపోయే డాక్టరు రాత్రి రెండింటి కేసుకు అందరు.

కాబట్టి ప్లానులో రెండో థియేటరు తీసేసి ఆ డబ్బుతో నాలుగు డాక్టరు క్వార్టర్లు కట్టమని అడగండి. నా గట్టి అభిప్రాయం ఇది.

ఇంకొకటి రక్త నిల్వ కేంద్రం. మీ ఆసుపత్రికి సొంత బ్లడ్ బ్యాంకు అక్కర్లేదు. పెద్ద బ్లడ్ బ్యాంకుతో అనుసంధానమైన నిల్వ కేంద్రం చాలు. అక్కడ పరీక్షలన్నీ చేసిన సంచులు వస్తాయి, ఇక్కడ గ్రూపు చూసి క్రాస్ మ్యాచ్ (రోగి రక్తంతో సరిపడుతుందో లేదో చూసే పరీక్ష) చేసి ఎక్కిస్తారు. 2 నుంచి 6 డిగ్రీల మధ్య నిలిపే బ్లడ్ బ్యాంకు ఫ్రిజే కావాలి. ఇంట్లో వాడే ఫ్రిజ్ తలుపు తీసిన ప్రతిసారీ వేడెక్కుతుంది, మూల భాగాల్లో రక్తం మంచులా గడ్డ కడుతుంది. గడ్డకట్టిన రక్తంలో ఎర్ర కణాలు చిట్లిపోతాయి, అది ఎక్కిస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఆ ఫ్రిజ్‌కు అలారం, యూపీఎస్, రాత్రి కూడా ల్యాబ్ టెక్నీషియన్ ఉండాలి. పగలు మాత్రమే టెక్నీషియన్ ఉన్న చోట ఫ్రిజ్ నిండా సంచులున్నా రాత్రి కాన్పులో రక్తం పోతున్న తల్లికి అవి అందవు.

#9 గుండ్లకమ్మ

క్వార్టర్ల మాట మాకు తట్టలేదు, రాసుకున్నాను. డయాలసిస్ గది గురించి ఎవరైనా చెప్పండి. ఇక్కడ కిడ్నీ రోగులు చాలామంది. ఐదు యంత్రాలు వస్తే ఊరికి చాలా మేలు.

#10 ఆర్వో_టెక్

ఇది వివరంగా చెప్పాలి, ఎందుకంటే పడమటి ప్రకాశంలోనూ ఉదయగిరి వైపూ డయాలసిస్ కష్టమంతా నీళ్ల దగ్గరే ఉంది. యంత్రం ఎవరైనా ఇస్తారు, నీళ్లు మనమే తయారు చేసుకోవాలి.

ఒక రోగికి నిమిషానికి 500 మి.లీ. డయాలిసేట్ (రక్తాన్ని శుభ్రం చేసే ద్రావణం), 4 గంటలు. అంటే 120 లీటర్లు. యంత్రం కడగడం, ప్రైమింగ్ (మొదలెట్టే ముందు గొట్టాలు నింపడం) కలిపితే మనిషికి 150 లీటర్లు అనుకోండి. 5 యంత్రాలు, 3 షిఫ్టులు, 15 మంది: రోజుకు 2,250 లీటర్ల శుద్ధ జలం. ఉప్పు ఎక్కువున్న బోరు నీళ్లతో ఆర్వో 40 శాతమే శుద్ధ జలంగా ఇస్తుంది. కాబట్టి పచ్చి నీళ్లు 5,600 లీటర్లు కావాలి. మిగిలిన 3,350 లీటర్ల వ్యర్థ జలాన్ని పెన్నా గారు చెప్పిన ఫ్లష్ లైనుకు కలపొచ్చు.

ఇప్పుడు ఫ్లోరైడు. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మి.గ్రా. వరకు ఒప్పుకుంటారు, డయాలసిస్ నీళ్లలో 0.2 దాటకూడదు. తాగే నీళ్లు కడుపులోకి పోతాయి, ఇక్కడ 120 లీటర్ల నీళ్లు పల్చటి పొర ఒక్కటి అడ్డంగా ఉండి రక్తాన్ని తాకుతూ పోతాయి. అందుకే ఇంత తేడా. బోరులో 4 మి.గ్రా. ఫ్లోరైడు ఉందనుకోండి. మంచి మెంబ్రేన్ (ఆర్వోలో నీళ్లను వడకట్టే పొర) 90 నుంచి 95 శాతం ఆపుతుంది. అయినా 0.2 నుంచి 0.4 మిగులుతుంది. మెంబ్రేన్ పాతబడితే ఇంకా ఎక్కువ. కాబట్టి మన వైపు ఒక్క దశ ఆర్వో చాలదు, రెండు దశలు కావాలి. తీరంలోని ఆసుపత్రికి తయారైన అంచనాను అలాగే తెచ్చి కనిగిరికో పొదిలికో పెడితే మొదటి ఏడాదే చిక్కు వస్తుంది.

రెండో చిక్కు క్లోరిన్. ట్యాంకులో బ్లీచింగ్ పౌడరు కలిపిన రోజున కార్బన్ ఫిల్టరు అలిసిపోయి ఉంటే క్లోరిన్ దాటిపోతుంది. మెంబ్రేన్‌ను తినేస్తుంది. అంతకంటే ప్రమాదం, రోగి రక్తంలో ఎర్ర కణాలు చిట్లుతాయి. మొత్తం క్లోరిన్ లీటరుకు 0.1 మి.గ్రా. లోపు ఉండాలి. కార్బన్ ట్యాంకులు రెండు, ఒకదాని వెనక ఒకటి పెట్టి మధ్యలో నమూనా తీసే కొళాయి ఉంచాలి. ప్రతి షిఫ్టు మొదలయ్యే ముందు ఆ కొళాయి నీళ్లు పరీక్షించాలి. క్లోరిన్ మొదటి ట్యాంకు దాటిందని తెలిసినా రెండోది కాపాడుతుంది, రోగులను వెనక్కి పంపకుండా సరిచేసుకునే వ్యవధి దొరుకుతుంది. నీళ్లు కార్బన్‌లో మొత్తం 10 నిమిషాలు నిలవాలి. గంటకు 1,000 లీటర్ల ప్రవాహమైతే 167 లీటర్ల కార్బన్ కావాలి. చిన్న ట్యాంకు పెట్టి పని కానిచ్చే చోట్ల ఈ లెక్క అడిగేవాళ్లే ఉండరు.

సాఫ్ట్‌నర్‌కు ఉప్పు వేయడం మానేస్తే మెంబ్రేన్ మీద సున్నం పేరుకుంటుంది. పీడనం పెరుగుతూ నీళ్లు తగ్గుతుంటే కారణం తొంభై పాళ్లు అదే. రోజు చివర కాఠిన్యం పరీక్ష చేసి పుస్తకంలో రాసే మనిషి ఎవరో పేరు పెట్టి ఖరారు చేయమనండి. అందరి పని అని వదిలేస్తే ఎవరూ చేయరు.

#11 కనిగిరి_రోడ్డు

రెండు దశల ఆర్వో అంటే ఖర్చు రెట్టింపా?

#12 ఆర్వో_టెక్

రెట్టింపు కాదు. ముందున్న ఇసుక ఫిల్టరు, కార్బన్, సాఫ్ట్‌నర్ అవే ఉంటాయి. అదనంగా ఒక పంపు, రెండో సెట్టు మెంబ్రేన్లు, కొంచెం కరెంటు. రెండో దశ వ్యర్థ జలం శుభ్రంగానే ఉంటుంది, దాన్ని మళ్లీ మొదటి దశకు పంపిస్తారు. పైగా ఒక దశ చెడిపోయిన రోజు ఏం చేయాలన్నది నీటి నాణ్యత చూసి డాక్టరు నిర్ణయించగలరు. ఒకటే ఉంటే ఆ రోజు గదికి తాళమే.

#13 పెన్నా_ఇంజినీరు

ఆక్సిజన్, కరెంటు కలిపి చెప్తాను, ఎందుకంటే రెండూ ఒకే తాడు మీద ఉన్నాయి.

పెద్ద సిలిండరు, అంటే డి టైపు, నిండుగా ఉంటే 7 ఘనపు మీటర్లు, 7,000 లీటర్లు. నిమిషానికి 10 లీటర్లు పీల్చే రోగికి 700 నిమిషాలు, పన్నెండు గంటలు కూడా రాదు. నిమిషానికి 60 లీటర్ల హైఫ్లో యంత్రం పెడితే రెండు గంటల లోపే ఖాళీ. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ట్యాంకరు ఆలస్యమై పీడనం పడిపోతే అధికారిక లెక్కలోనే 11 మంది చనిపోయారు. అందుకే ఎంత ఆక్సిజన్ ఉందని కాదు, ఎన్ని గంటలకు సరిపోతుందని అడగాలి.

ఆ ఏడాది తర్వాత చాలా ఆసుపత్రుల్లో గాలి నుంచి ఆక్సిజన్ తీసే పీఎస్ఏ ప్లాంట్లు వచ్చాయి. మీ దగ్గర ఉంటే ముందు అది నడుస్తోందో లేదో చూడండి. లోపల జియోలైట్ అనే గుళికలుంటాయి, అవి నైట్రోజన్‌ను పట్టుకుని ఆక్సిజన్‌ను వదులుతాయి. తేమ తగిలితే అవి పాడవుతాయి. వాడకుండా నెలల తరబడి ఆపేస్తే, లేదా డ్రయ్యర్ చెడిపోయినా నడిపిస్తే, తేమ లోపలికి చేరి ఆక్సిజన్ శాతం పడిపోతుంది. ప్లాంటు 93 శాతం, మూడు అటూ ఇటూగా ఇవ్వాలి. 90 కిందికి వస్తే ఆ గాలి పైపులోకి పోకూడదు. రోగులు లేకపోయినా వారానికి ఒకసారి శాతం నిలబడేదాకా నడిపి, అంకె పుస్తకంలో రాయాలి. "కరెంటు బిల్లు ఎక్కువొస్తుంది" అని ఆపేయడం వల్లే ఎక్కువ ప్లాంట్లు పాడయ్యాయి. గుళికలు మార్చే ఖర్చు ముందు ఆ బిల్లు చాలా చిన్నది.

నిమిషానికి 500 లీటర్ల ప్లాంటు నడవాలంటే 50, 60 కిలోవాట్ల కరెంటు కావాలి. జనరేటరు ఎంపికలో ఇది మర్చిపోతారు. తుపాను రోజున కరెంటు పోతుంది, జనరేటరు లైట్లకూ థియేటరుకూ సరిపోతుంది, ప్లాంటు ఆన్ చేయగానే ట్రిప్ అవుతుంది. కాబట్టి ప్లాంటు ఉన్నా కనీసం ఒక రోజుకు సరిపడా సిలిండర్లు మేనిఫోల్డ్ (సిలిండర్లను పైపు లైనుకు కలిపే అమరిక) మీద ఉండాల్సిందే.

#14 కావలి_తీరం

తుపాను మాట వచ్చింది కాబట్టి జనరేటరు గురించి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది, అంతకు ముందు రెండు రోజులూ నెల్లూరు వైపు కుండపోత. అలాంటప్పుడు 48 గంటలు లైను రాకపోవచ్చని పెట్టుకోవాలి. 125 కేవీఏ జనరేటరు ముప్పావు లోడు మీద గంటకు సుమారు 20 లీటర్లు తాగుతుంది. 48 గంటలకు 960 లీటర్లు. మీ ట్యాంకు ఎంతో, అందులో ఇప్పుడెంత ఉందో చూడండి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు నిండా ఉంచాలన్న నిబంధన అభివృద్ధి సంఘం మినిట్స్‌లో రాయించండి.

జనరేటరు అందరికీ అవసరమైన రోజున స్టార్ట్ కాకపోవడానికి కారణం ఎక్కువసార్లు ఇంజను కాదు, బ్యాటరీ. నీళ్లు ఎండిపోయి, టెర్మినళ్లకు పచ్చటి తుప్పు పట్టి ఉంటుంది. వారానికి ఒకసారి నడుపుతున్నామని రిజిస్టరులో ఉంటుంది, కానీ ఖాళీగా పది నిమిషాలు నడుపుతారు. లోడు లేకుండా నడిపితే ఇంజను వేడెక్కదు, కాలని డీజిలు సైలెన్సరులో నల్లటి జిడ్డుగా చేరుతుంది. కనీసం మూడో వంతు లోడు పెట్టి అరగంట నడపాలి. అంటే మెయిన్ ఆపి నిజంగా ఆసుపత్రిని దాని మీదకు మార్చాలి. అప్పుడే ఆటోమేటిక్ ప్యానెల్ పనిచేస్తోందా, థియేటరు యూపీఎస్ ఆ కాసేపు కరెంటు ఇస్తోందా అన్నది కూడా తెలుస్తుంది. ముందుగా చెప్పి, ఆపరేషన్లు లేని సమయం చూసి చేయాలి. ఆయిల్ 250 గంటలకు లేదా ఏడాదికి ఒకసారి, ఏది ముందైతే అది.

మాలాగా సముద్రం దగ్గరున్నవాళ్లకు ఇంకో బెడద ఉప్పు గాలి. ఏసీల బయటి యూనిట్ రేకులు రెండు మూడేళ్లకే పొడి పొడి అవుతాయి. మీకు ఆ బాధ లేదు, ఎండ, దుమ్ము మీ బాధ.

#15 సింగరాయకొండ

ఇన్ని అడుగుతూ పోతే మార్చి లోపు నిధులు వెనక్కి పోతాయేమో. ముందు భవనం కట్టించుకుని తర్వాత ఒక్కొక్కటి సాధించుకోవడం మేలు కాదా? మాట పడ్డా ఫర్వాలేదు, ఆచరణలో చూసిన సంగతి చెప్తున్నా: వచ్చిన నిధిని వదులుకుంటే మళ్లీ రావడం కష్టం.

#16 పెన్నా_ఇంజినీరు

మీ భయం సబబే. అందుకే పని ఆపమని నేను అనను. నీళ్లు, కరెంటు, మురుగు పనులను ఇదే అంచనాలో చేర్చమని అడగాలి. తర్వాత వేరే అంచనా అంటే మళ్లీ మొదటి నుంచి ఫైలు. నిధి సరిపోకపోతే రెండు వార్డుల్లో ఒకటి తగ్గించండి. నీళ్లు, కరెంటు ఉన్న 75 పడకలు అవి లేని 100 కంటే ఎక్కువ మందికి వైద్యం ఇస్తాయి.

ఇంకా ముఖ్యమైన ప్రశ్న, పాత భవనం పునాది ఇంకో అంతస్తు మోస్తుందా? పాత నిర్మాణ డ్రాయింగులు అడగండి. లేకపోతే కాంక్రీటు గట్టిదనం చూసే రీబౌండ్ హ్యామర్ పరీక్ష, అనుమానమున్న చోట కోర్ (కాంక్రీటు ముక్క) తీసి పరీక్ష చేయించి, నిర్మాణ ఇంజినీరు సంతకంతో నివేదిక కావాలి. పైకప్పు పెచ్చులూడి కడ్డీలు కనిపిస్తున్న చోట్లు ఫోటోలు తీసి సమావేశంలో పెట్టండి. సన్‌షేడ్ల పగుళ్లలో రావి మొక్కలుంటే వాటిని పైపైన కోస్తే చాలదు, వేరుతో తీసి పగులు పూడ్చాలి.

లిఫ్టు: స్ట్రెచరు, పక్కన ఇద్దరు మనుషులు పట్టేది కావాలి. 20 మందిది 1,360 కిలోలు, 26 మందిది 1,768 కిలోలు మోస్తుంది. అపార్టుమెంట్లలో పెట్టే 8 మంది లిఫ్టు పెడితే స్ట్రెచరు దూరదు. లిఫ్టు ఉన్నా ర్యాంపు తప్పదు. 12 అడుగుల పొడవుకు ఒక అడుగు ఎత్తు మించకూడదు. ర్యాంపు వాలు ఎక్కువైతే రోగిని పైకి తోయడానికి నలుగురు కావాలి, దింపేటప్పుడు మరీ ప్రమాదం.

#17 మత్తుమందు_విభాగం

కింద ఆసుపత్రి నడుస్తుండగా పైన కడతారు కాబట్టి ఒక హెచ్చరిక. గోడలు కొట్టే దుమ్ములో బూజు కణాలుంటాయి, థియేటరు ఏసీ వాటిని లోపలికి లాగుతుంది. పని జరిగే భాగానికి నేల నుంచి కప్పు దాకా ప్లాస్టిక్ తెర కట్టాలి. కూలీల మెట్లు, రోగుల మెట్లు వేరుగా ఉండాలి. స్లాబు పోసే రోజున కింది థియేటరు వాడకూడదు. ఈ షరతులు కాంట్రాక్టు ఒప్పందంలోనే ఉండాలి.

#18 ఫార్మసీ_కౌంటరు

మందుల బడ్జెట్ కూడా అడగండి. పడకలు పెరిగినా మందుల కేటాయింపు పాత 50 పడకల అంకె మీదే ఉండిపోవచ్చు. ఈ-ఔషధిలో (ప్రభుత్వ మందుల ఆన్‌లైన్ వ్యవస్థలో) ఇండెంటు పెట్టే పరిమితి పెంచమని ఉత్తర్వు విడిగా తెచ్చుకోవాలి.

నల్లమల అంచు ఊళ్లకు పాము మందు నిల్వ ముఖ్యం. విషం ఎక్కిన రోగికి మొదటి మోతాదే 10 వయల్స్ (చిన్న మందు సీసాలు). రక్తం గడ్డకట్టకపోతే ఆరు గంటలకు ఇంకో 10. వానాకాలంలో ఒక రాత్రి ముగ్గురొస్తే 60 వయల్స్ కావాలి. 20 ఉంచుకుని నిల్వ ఉందని రాయడం సరికాదు. గడ్డకట్టే పరీక్షకు పొడిగా, శుభ్రంగా ఉన్న కొత్త గాజు ట్యూబు వాడాలి. 2 మి.లీ. రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూడాలి. ప్లాస్టిక్ ట్యూబు వాడినా, సబ్బుతో కడిగిన గాజు ట్యూబు వాడినా ఫలితం తప్పు వస్తుంది, అవసరం లేనివాళ్లకు మందు ఖర్చవుతుంది. ఒక పెట్టె గాజు ట్యూబులు క్యాజువాలిటీలో ఉంచడానికి పెద్ద ఖర్చు లేదు.

#19 వార్డు_సిస్టర్

చెత్త సంగతి ఎవరూ రాయలేదు. పడకలు పెరిగితే కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కొత్త అంకెతో మళ్లీ తీసుకోవాలి. వైద్య వ్యర్థాలు 48 గంటలకు మించి ఆసుపత్రిలో ఉంచకూడదు. బండి రెండు రోజులకోసారి కూడా రాని ఊరైతే గదిలో పసుపు సంచులు పోగుపడతాయి. ఆ గదికి తలుపు, తాళం, కొళాయి, మురుగు కాలువ నాలుగూ ఉండాలి. పారిశుధ్యం ఒప్పందం చదరపు అడుగుల మీదైనా పడకల మీదైనా కొత్త అంతస్తును అందులో చేర్పించండి. చేర్చకపోతే ఉన్న మనుషులతోనే రెండు అంతస్తులూ ఊడ్పిస్తారు.

మురుగు కూడా: 34,000 లీటర్లు లోపలికి వస్తే 27,000 లీటర్లు బయటికి పోతాయి. ఇప్పుడున్న సెప్టిక్ ట్యాంకు ఎంతదో అడగండి.

#20 కావలి_తీరం

యంత్రాల గురించి ఒక్క మాట. ప్రతి యంత్రం మీద బార్‌కోడ్ స్టిక్కరు ఉంటుంది. చెడిపోతే నోటితో చెప్పి ఊరుకోకుండా ఆ నంబరుతో ఫిర్యాదు నమోదు చేసి టికెట్ నంబరు రాసుకోవాలి. జిల్లా ఆసుపత్రిలో యంత్రాలు 95 శాతం కాలం, సామాజిక ఆరోగ్య కేంద్రంలో 90 శాతం కాలం పనిచేస్తూ ఉండాలన్నది జాతీయ నిర్వహణ పథకం ప్రమాణం. టికెట్ లేకపోతే యంత్రం మూల పడి ఉన్నా లెక్కలో పనిచేస్తున్నట్టే.

#21 గుండ్లకమ్మ

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నా. సమావేశానికి ముందు మేమే చూసుకోగలిగినవి చూద్దామనుకుంటున్నాం. సంపు కొలుస్తాం, సిబ్బంది పట్టిక అడుగుతాం, బోరు నీళ్లు పరీక్షకు పంపుతాం. కరెంటు లోడు మేమే తెలుసుకునే దారి ఉందా? నమూనా ఎలా తీయాలి?

#22 ఆర్వో_టెక్

నమూనా ట్యాంకు నుంచి కాదు, బోరు దగ్గరే తీయండి. మోటారు పది నిమిషాలు నడిచాక, అదే నీళ్లతో మూడుసార్లు కడిగిన ప్లాస్టిక్ సీసాలో రెండు లీటర్లు పట్టండి. ఫ్లోరైడుకు గాజు సీసా వద్దు, గాజుతో కలిసి అంకె తగ్గొచ్చు. సీసా మీద తేదీ, బోరు లోతు, తీసిన సమయం రాయండి. ఫ్లోరైడు, మొత్తం లవణాలు, కాఠిన్యం, క్లోరైడు, నైట్రేటు, ఇనుము, సిలికా అడగండి. సిలికా అడగడం మరిచిపోతారు, మెంబ్రేన్ మీద అది గట్టిపడితే యాసిడ్‌తో కూడా పోదు.

#23 పెన్నా_ఇంజినీరు

కరెంటుకు ఆసుపత్రి ఎలక్ట్రీషియన్ సాయం తీసుకోండి, మీరు ప్యానెల్ తెరవొద్దు. మెయిన్ ప్యానెల్ మీది ఆంపియర్ రీడింగ్ మూడు ఫేజులకూ విడివిడిగా రాసుకోవాలి. ఉదయం 11 గంటలకు ఓపీ, ఎక్స్‌రే, ఆటోక్లేవు అన్నీ నడిచేటప్పుడు, మధ్యాహ్నం 3 గంటలకు, రాత్రి 10 గంటలకు. మూడు రోజులు. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు అయితే ఫేజుకు సుమారు 133 ఆంపియర్లు దాని హద్దు. ఇప్పుడే 110 దాకా వెళ్తుంటే కొత్త అంతస్తు ఏసీలకు అందులో చోటు లేదు. ఒక ఫేజు 120, ఇంకోటి 60 చూపిస్తే లోడు సరిగా పంచలేదని అర్థం, అది ఖర్చు లేకుండా ఇప్పుడే సరిచేయొచ్చు. రీడింగులు వచ్చాక ఇక్కడ పెట్టండి, జనరేటరు ఎంతది అడగాలో లెక్కేసి చెప్తాను.